మంగోలియా వాస్తవిక తైలవర్ణ చిత్రాలలో పర్వతం: దూరం, దిశ, స్థలనిబద్ధత

వ్యాససంగ్రహం:

20వ శతాబ్దంలో రష్యన్ కళాశిక్షణ ద్వారా మంగోలియాలో స్థిరపడిన తైలవర్ణ పర్వతదృశ్య చిత్రణను కొందరు సోవియట్ అనుకరణగా భావిస్తారు. మరికొందరు దానిని ఉన్నదాన్ని ఉన్నట్టు చూపే నకలుగా తీసుకుంటారు. ఈ రెండు అభిప్రాయాలూ ఆ చిత్రాలలో జరిగే అసలు పనిని గుర్తించవు. పొడిగా, పలుచగా ఉండే ఎత్తైన ప్రదేశపు గాలిలో దూరాన్ని చూపడం, కొండవాలునూ గుడారపు ద్వారాన్నీ ఆధారం చేసుకొని దిశను నిలపడం, ఎదుట నిలిచి పేరు పలకరాని పర్వతానికి రూపం ఇవ్వడం అనే మూడు అంశాల ద్వారా ఈ చిత్రాలను చదవవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ పఠనం వల్ల నిశితమైన చిత్రానికీ, మూసలో పోసిన చిత్రానికీ మధ్య భేదం స్పష్టమవుతుంది.

కీలకపదాలు: మంగోలియా చిత్రకళ, తైలవర్ణం, వాస్తవికత, పరిప్రేక్ష్యం, పర్వతారాధన, మంగోల్ జురగ్, సాదృశ్యం, ప్రమాణం.

1. ప్రవేశిక

మంగోలియా విస్తీర్ణం సుమారు 15.6 లక్షల చదరపు కిలోమీటర్లు. జనాభా దాదాపు 35 లక్షలు. దేశపు సగటు ఎత్తు సముద్రమట్టానికి సుమారు 1,580 మీటర్లు. పశ్చిమాన అల్తాయ్, మధ్యభాగంలో ఖాంగాయ్, ఈశాన్యంలో ఖెంతీ పర్వతశ్రేణులు ఉన్నాయి. వాటి మధ్య గడ్డిమైదానాలు, దక్షిణాన గోబీ ఎడారి విస్తరించాయి. ఇటువంటి దేశంలో పర్వతం చిత్రకళకు ప్రధాన వస్తువు కావడం సహజం. ఉలాన్‌బాతర్‌లోని ప్రదర్శనశాలలలోనూ, చిత్రకారుల సంకలనాలలోనూ తరచుగా కనిపించే కూర్పు ఒకటుంది. ముందుభాగంలో గడ్డి లేదా ఏటిపాయ, మధ్యలో ఒకటి రెండు తెల్లని గుడారాలు, చెదిరి మేస్తున్న గుర్రాలు, వెనుక పర్వతం, దానిపై చిత్రంలో సగభాగాన్ని ఆక్రమించే ఆకాశం. చూడగానే అర్థమైపోయినట్టు అనిపించే చిత్రమిది. అందువల్లనే విమర్శకుడు దీని దగ్గర ఎక్కువసేపు ఆగడు.

భారతీయ చిత్రకళాశాస్త్రం రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం అనే షడంగాలను చెప్పింది. కామసూత్రానికి యశోధరుడు రచించిన జయమంగళ వ్యాఖ్య వల్ల ఇవి మనకు సుపరిచితం. వాస్తవిక చిత్రాన్ని గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా సాదృశ్యం ఒక్కదాన్నే పరిగణిస్తాం. పోలిక కుదిరిందా లేదా అని చూసి ఊరుకుంటాం. మంగోలియా పర్వతదృశ్యాల విషయంలో సాదృశ్యం కన్నా ప్రమాణం, అంటే కొలతల పరస్పర సంబంధం, ఎక్కువ బరువు మోస్తుంది. దీనికి కారణాలు ఆ దేశపు గాలిలో, వెలుతురులో, నివాసపద్ధతిలో, భాషలో ఉన్నాయి. వాటిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఒక చిత్రకారుని కృషికి పరిమితం కాకుండా, ఈ చిత్రజాతి మొత్తానికి వర్తించే పఠనవిధానాన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

2. తైలవర్ణానికి పూర్వం పర్వతం

మంగోలియాలో చిత్రకళ చిరకాలం బౌద్ధవిహారాలను ఆశ్రయించి పెరిగింది. మొదటి బొగ్ద్ గెగేన్ అయిన జనబజార్ (1635–1723) స్వయంగా గొప్ప శిల్పి. విహారాలలో పటచిత్రాలను నూలుగుడ్డపై సుద్ద, జిగురు కలిపిన పూత వేసి, దానిపై ఖనిజవర్ణాలతో చిత్రించేవారు. ఈ పటాలలో దేవతామూర్తి ప్రధానం. కొండలు ఆ మూర్తికి ఆవరణంగా, పచ్చని నీలిరంగుల పొరలుగా కనిపిస్తాయి. అవి ఏ ఊరి కొండలో అడగవలసిన అవసరం లేదు. అవి దేవతాస్థానానికి సంకేతాలు.

ఈ సంప్రదాయంలో శిక్షణ పొంది, లౌకిక జీవితాన్ని పటం మీదికి తెచ్చినవాడు బల్దూగీన్ షరవ్ (1869–1939). 20వ శతాబ్ది ఆరంభంలో ఆయన చిత్రించిన ‘మంగోలియాలో ఒక రోజు’ నేడు ఉలాన్‌బాతర్‌లోని జనబజార్ లలితకళా ప్రదర్శనశాలలో ఉంది. ఉన్నితో ఫెల్ట్ తయారుచేయడం, పెళ్లి, ప్రయాణం, పశుపోషణ వంటి పదుల కొద్దీ ఘట్టాలు అందులో ఒకే తలంపై పరచుకొని ఉంటాయి. పైనుంచి చూస్తున్నట్టు ఉండే ఈ చిత్రానికి ఏకైక దృష్టిబిందువు లేదు. కంటితో ఒక మూల నుంచి మరో మూలకు ప్రయాణం చేస్తూ దానిని చదవాలి. కొండల వంపులు ఒక ఘట్టాన్ని మరొక ఘట్టం నుంచి వేరుచేసే గట్లలా పనిచేస్తాయి. దూరంగా ఉన్న మనిషి దగ్గర ఉన్న మనిషి కన్నా అంతగా చిన్నవాడు కాడు. ఇక్కడ దూరం అనేది సమస్యగా ఎదురుకాదు. ఎందుకంటే చూసేవాడు ఒకచోట నిలబడి లేడు.

తైలవర్ణ దృశ్యచిత్రం ప్రవేశపెట్టిన మౌలికమైన మార్పు ఇదే. అది చూసేవానిని ఒకచోట నిలబెట్టింది. ఏడాదికి పలుమార్లు మకాం మార్చే సంచారజీవన సమాజానికి ఒకే చోట నిలిచి, ఒకే దిక్కుకు చూసే చిత్రం కొత్త. ఆ నిలకడను మంగోలియా చిత్రకారులు తమ నేలకు ఎలా అన్వయించుకున్నారన్నది మన ముందున్న ప్రశ్న.

3. మాస్కో శిక్షణ, తైలవర్ణ మాధ్యమం

1921 విప్లవం, 1924లో ప్రజాగణతంత్ర స్థాపన తరవాత మంగోలియా కళాజీవితం సోవియట్ రష్యాతో ముడిపడింది. షరవ్ కూడా ఆ కాలంలో ప్రచారచిత్రాలను, లెనిన్ చిత్తరువును గీశాడు. 1930ల చివరిభాగంలో జరిగిన దమనకాండలో వందలాది విహారాలు ధ్వంసమయ్యాయి, వేలాది లామాలు ప్రాణాలు కోల్పోయారు. పటచిత్రకారులకు ఆశ్రయమిచ్చిన వ్యవస్థే కూలిపోయింది. 1942లో మంగోలియా చిత్రకారుల సంఘం ఏర్పడింది. ప్రతిభావంతులైన యువకులు మాస్కోలోని సూరికోవ్ కళాసంస్థలో చదువుకున్నారు. వారిలో ఉర్జిన్‌గీన్ యాదమ్‌సురెన్ (1905–1986), న్యమ్-ఒసొరీన్ చుల్తెమ్ (1923–2001) ముఖ్యులు. చుల్తెమ్ చిత్రకారుడే కాక మంగోలియా శిల్పం, చిత్రకళ, వాస్తువులపై గ్రంథాలు వెలువరించిన కళాచరిత్రకారుడు కూడా.

వారికి అందిన శిక్షణ వెనుక 1870లో ఏర్పడిన రష్యన్ సంచార ప్రదర్శనల సంఘం వారసత్వం ఉంది. సవ్రాసోవ్, షిష్కిన్, లెవితాన్ వంటివారు సాధారణమైన నేలను, వాతావరణాన్ని చిత్రానికి తగిన వస్తువులుగా నిలిపారు. ఆరుబయట కూర్చొని చిన్న అధ్యయనచిత్రం గీయడం, దాని ఆధారంగా చిత్రశాలలో పెద్ద చిత్రాన్ని పూర్తిచేయడం వారి పద్ధతి. మంగోలియాలో ఈ పద్ధతి అలవాటు మాత్రమే కాదు, అవసరం కూడా. శీతకాలంలో ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీలకు దిగువకు పడిపోయే చోట తైలవర్ణం గట్టిపడుతుంది, కుంచె కదలదు. అందువల్ల ఆరుబయట గీసింది త్వరగా ముగియాలి. వివరాలను జ్ఞాపకంలో నిలుపుకోవాలి.

మాధ్యమం స్వభావాన్ని కూడా ఇక్కడ గమనించాలి. జిగురులో కలిపిన ఖనిజవర్ణం త్వరగా ఆరిపోతుంది. రంగుల అంచులు స్పష్టంగా నిలుస్తాయి. అందువల్ల పటచిత్రంలో రేఖ ప్రధానమవుతుంది. అవిసెనూనెలో కలిపిన వర్ణం నెమ్మదిగా ఆరుతుంది. ఒక రంగును పక్క రంగులోకి మెల్లగా కలిపివేయడానికి వీలిస్తుంది. అందువల్ల తైలచిత్రంలో రేఖ స్థానాన్ని ఛాయాభేదం ఆక్రమిస్తుంది. వెలుగు, నీడ, మంచు వంటి అంచులులేని విషయాలకు ఇది అనువైన మాధ్యమం.

అయితే ఈ తరం చిత్రకారులందరూ తైలవర్ణ వాస్తవికతతోనే ఆగిపోలేదు. యాదమ్‌సురెన్ 1958లో చిత్రించిన ‘వృద్ధ వాద్యకారుడు’ మంగోల్ జురగ్ అనే జాతీయశైలికి ప్రసిద్ధ ఉదాహరణ. మంగోల్ జురగ్ అంటే మంగోల్ చిత్రం అని అర్థం. సమతలమైన రంగులు, నిశ్చితమైన రేఖ దాని లక్షణాలు. మాస్కోలో తైలవర్ణం నేర్చిన చేయే తిరిగి రేఖను ఆశ్రయించిందన్నమాట. దీనివల్ల ఒక విషయం తేటతెల్లమవుతుంది. సోషలిస్టు వాస్తవికత అధికారిక ఆదర్శంగా ఉన్న రోజుల్లో కూడా చిత్రకారుని ముందు రెండు భాషలు ఉన్నాయి. పర్వతాన్ని తైలవర్ణంలో చిత్రించినవారు ఆ భాష దేనికి పనికివస్తుందో ఎరిగి దానిని వాడారని భావించడానికి ఇది ఆధారం.

4. పలుచని గాలిలో దూరం

దృశ్యచిత్రంలో దూరాన్ని చూపడానికి రెండు ప్రధాన సాధనాలు ఉన్నాయి. సమాంతర రేఖలు దూరంలో కలుస్తున్నట్టు చూపడం రేఖాపరిప్రేక్ష్యం. దూరం పెరిగేకొద్దీ వస్తువుల రంగు వెలిసి, నీలిమ కలిసి, అంచులు కరిగిపోయినట్టు చూపడం వాయుపరిప్రేక్ష్యం. రెండవదానిని లియొనార్డో డావించీ విపులంగా చర్చించాడు. దీనికి భౌతికకారణం సులభంగానే అర్థమవుతుంది. మన కంటికీ కొండకూ మధ్య ఉన్న గాలి వెలుతురును చెదరగొడుతుంది. గాలిలో తేమ, ధూళి ఎక్కువైతే ఆ చెదురు పెరిగి, కొండ పాలిపోతుంది. పాపికొండల నడుమ పడవలో వెళ్లినవారికి వరుసగా ఒక కొండ వెనుక మరొకటి పలచబడుతూ పోవడం అనుభవమే.

రోడ్లు, గోడలు, పొలాల గట్లు లేని గడ్డిమైదానంలో మొదటి సాధనానికి పట్టుకొమ్మ దొరకదు. ఇక రెండవ సాధనం. మంగోలియా నేల ఎత్తైనది, సముద్రానికి దూరమైనది, ఏడాదిలో అధికభాగం పొడిగా ఉండేది. గాలి పలుచన, తేమ స్వల్పం. ఎంతో దూరాన ఉన్న కొండ కూడా దగ్గరలో ఉన్నట్టు కనిపిస్తుంది. దాని రాళ్ల నెరియలు సైతం స్పష్టంగా తెలుస్తాయి. గంటలోపు చేరుకుంటామనుకున్న కొండ పూటంతా నడిచినా దగ్గరకు రాకపోవడం అటువంటి ప్రదేశాలలో సాధారణమైన అనుభవం. అంటే ఐరోపా చిత్రకళ దూరానికి గుర్తుగా వాడుకున్న నీలిమంచు ఇక్కడ చాలా రోజులు లేనేలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చిత్రిస్తే దూరం చెరిగిపోతుంది. దూరాన్ని చూపాలని నీలిమంచు కలిపితే అది మరొక దేశపు కొండ అవుతుంది. ఇది వాస్తవిక చిత్రకారునికి ఎదురయ్యే నిజమైన చిక్కు.

ఈ చిక్కును విడదీయడానికి చిత్రకారులకు అందుబాటులో ఉన్న ఉపాయాలు మూడు.

మొదటిది ప్రమాణం. తెల్లని గుడారాన్ని మంగోల్ భాషలో గెర్ అంటారు. జల్లెడవంటి కర్రగోడలు, పైకప్పు వాసాలు, నడినెత్తిన వెలుతురు కోసం వదిలిన వలయం, వీటిపై ఫెల్ట్, దానిపై తెల్లని గుడ్డ దాని నిర్మాణం. దాని ఎత్తు, వెడల్పు దేశమంతటా ఇంచుమించు ఒక్కతీరుగానే ఉంటాయి. మంగోల్ గుర్రం కూడా పొట్టిది, భుజం దగ్గర సుమారు 120–140 సెంటీమీటర్లు మాత్రమే. చూసేవారి మనసులో ఈ రెండింటి పరిమాణమూ ముందే స్థిరపడి ఉంటుంది. కాబట్టి చిత్రంలో గోరంత గెర్ కనిపించగానే దాని వెనుక పర్వతం ఎంత పెద్దదో, ఎంత దూరమో అప్రయత్నంగా లెక్క కుదురుతుంది. గాలి చేయలేని పనిని గుడారం చేస్తుంది. కేవలం అలంకారంగా కనిపించే గెర్ వాస్తవానికి ఆ చిత్రానికి కొలబద్ద.

రెండవది మేఘచ్ఛాయ. చెట్లులేని గడ్డినేలపై మేఘాల నీడలు స్పష్టంగా పరుచుకుంటాయి. ఒక పట్టీ ఎండలో, మరొక పట్టీ నీడలో ఉండటం వల్ల నేల అంచెలంచెలుగా విడిపోతుంది. నీడపడిన దగ్గరి గుట్ట వెనుక ఎండలో మెరిసే దూరపు కొండను నిలిపితే మంచుతో పనిలేకుండానే లోతు ఏర్పడుతుంది.

మూడవది శ్రేణుల అతివ్యాప్తి. ముందరి గుట్ట వెనుకటి కొండను కొంత కప్పివేసేలా కూర్చడం, వాటి మధ్య ఏరు మలుపులు తిరుగుతూ ఒకచోట మరుగై మరొకచోట బయటపడేలా చూపడం దీనిలో భాగాలు.

గాలికి మినహాయింపులు లేకపోలేదు. వసంతకాలంలో వచ్చే ధూళితుఫానులు దిగంతాన్ని పసుపురంగులో ముంచుతాయి. శీతకాలంలో ఉలాన్‌బాతర్ లోయలో చల్లని గాలి కిందనే నిలిచిపోయి, బొగ్గుపొయ్యిల పొగను పైకి పోనివ్వదు. 2019లో నగరంలో ముడిబొగ్గు వాడకాన్ని నిషేధించవలసి వచ్చిందంటే తీవ్రతను ఊహించవచ్చు. ఆ పొగలో నగరానికి దక్షిణాన ఉన్న బొగ్ద్ ఖాన్ పర్వతం బూడిదరంగుగా మసకబారుతుంది. ఐరోపా చిత్రాలలోని వాయుపరిప్రేక్ష్యం ఈ నగరంలో కాలుష్యరూపంలో ప్రత్యక్షం కావడం ఒక విషాదవైచిత్రి. అందువల్ల ఒక చిత్రంలో మసక కనిపించినప్పుడు అది అలవాటు వల్ల వచ్చిందా, ధూళి వల్లనా, పొగ వల్లనా అని ప్రశ్నించవలసి ఉంటుంది.

5. కొండవాలు, గుడారపు ద్వారం: దిశను చదివే విధానం

మంగోల్ గెర్ ద్వారం సంప్రదాయానుసారం దక్షిణానికి, కొన్నిచోట్ల కొంత ఆగ్నేయానికి ఉంటుంది. ఉత్తరపు చలిగాలికి వీపు, సూర్యునికి ముఖం. ఈ నియమం దృశ్యచిత్రానికి దిక్సూచి అవుతుంది. చిత్రంలో గెర్ ద్వారం మనవైపు ఉంటే మనం దక్షిణాన నిలిచి ఉత్తరానికి చూస్తున్నామన్నమాట. ద్వారం కనిపించకుండా గుండ్రని వెనుకభాగం మాత్రమే కనిపిస్తే మనం దక్షిణానికి చూస్తున్నాం.

దీనికి ప్రకృతి మరొక సాక్ష్యాన్ని జతచేస్తుంది. ఖాంగాయ్, ఖెంతీ ప్రాంతాలలో అడవి, గడ్డిభూమి కలిసి ఉంటాయి. కొండల ఉత్తరపు వాలుపై ఎండ తక్కువ, తేమ ఎక్కువసేపు నిలుస్తుంది, అందువల్ల అక్కడ లార్చ్ వంటి వృక్షాలు పెరుగుతాయి. దక్షిణపు వాలు ఎండకు ఎండి, గడ్డితోనో రాళ్లతోనో మిగులుతుంది. ఒకే కొండకు ఒకవైపు అడవి, మరొకవైపు పచ్చిక. బొగ్ద్ ఖాన్ పర్వతం నగరానికి దక్షిణాన ఉన్నందున నగరవాసులకు దాని ఉత్తరపు వాలు, అంటే అడవి ఉన్న వైపు, కనిపిస్తుంది. లార్చ్ సూదిమొనల ఆకులున్న చెట్టే అయినా శరత్తులో బంగారురంగుకు మారి ఆకులు రాలుస్తుంది. అందువల్ల శరత్కాల చిత్రంలో పసుపురంగు ఎక్కడ ఉందో చూసి వాలు ఏ దిక్కుదో చెప్పవచ్చు.

ఈ రెండింటినీ కలిపి చదివితే ఆసక్తికరమైన ఫలితం వస్తుంది. ద్వారం మనవైపున్న గెర్ వెనుక కొండకు పచ్చికవాలు ఉండాలి. మధ్యాహ్నపు వెలుతురు మన వెనుకనుంచి దానిపై సూటిగా పడాలి. ద్వారం అటువైపున్న గెర్ వెనుక కొండపై అడవి ఉండవచ్చు. ఆ వాలు నీడలో ముదురుగా ఉండాలి, నీడలు మనవైపు సాగాలి. దట్టమైన అడవివాలు ముందు, ద్వారం మనకు ఎదురుగా ఉన్న గెర్ కనిపిస్తే, అది రెండు వేర్వేరు అధ్యయనాలను చిత్రశాలలో అతికించిన కూర్పు కావచ్చునని అనుమానించాలి. కళాకారునికి ఆ స్వేచ్ఛ ఉంది. కానీ విమర్శకుడు దానిని గుర్తించి, ఎందుకోసం అలా చేశాడో చెప్పగలగాలి.

ఋతువు కూడా ఇలాగే సాక్ష్యమిస్తుంది. ఖాంగాయ్ వంటి ప్రాంతాలలో వేసవి మకాం ఏటి ఒడ్డున విశాలమైన లోయలో ఉంటుంది. శీతకాలపు మకాం గాలి తగలని కొండపాదాన, ఎండ పడే వాలు వద్ద ఉంటుంది. మంచుకప్పిన చిత్రంలో గెర్ ఎక్కడ నిలిచిందన్నది చిత్రకారునికి ఆ జీవనం ఎంత సన్నిహితమో తెలుపుతుంది.

భాష ఈ దృష్టిని మరింత బలపరుస్తుంది. సంస్కృతంలో పూర్వ శబ్దానికి ముందు, తూర్పు అనీ, దక్షిణ శబ్దానికి కుడి, దక్షిణదిక్కు అనీ అర్థాలు ఉన్నాయి. సూర్యోదయాభిముఖంగా నిలిచిన మనిషి శరీరం ఆ పదాల వెనుక ఉంది. మంగోల్ భాషలో ‘ఒమ్నొ’ అంటే ముందు, దక్షిణం. ‘బరూన్’ అంటే కుడి, పడమర. ‘జూన్’ అంటే ఎడమ, తూర్పు. ఇక్కడ మనిషి గెర్ ద్వారంలో దక్షిణాభిముఖంగా నిలిచి ఉన్నాడు. ‘అర్’ అంటే వీపువైపు, ఉత్తరం. ‘ఒవొర్’ అంటే ఒడి, రొమ్ము, కొండకు దక్షిణపు వైపు. అర్‌ఖాంగాయ్, ఒవొర్‌ఖాంగాయ్ అనే రెండు రాష్ట్రాల పేర్లు ఖాంగాయ్ పర్వతపు వీపువైపు, ఒడివైపు అన్న అర్థాన్నే ఇస్తాయి. గుడారానికీ పర్వతానికీ ముఖం ఒకే దిక్కుకు ఉందన్నమాట.

6. శరీరధారి అయిన పర్వతం, నామనిషేధం

మంగోల్ భాషలో పర్వతభాగాలకు శరీరావయవాల, వస్త్రభాగాల పేర్లు ఉన్నాయి. ‘నురూ’ అంటే వెన్ను, పర్వతశ్రేణి. ‘తొల్గోయ్’ అంటే తల, గుట్ట. ‘అమ్’ అంటే నోరు, లోయ ముఖద్వారం. ‘ఖమర్’ అంటే ముక్కు, ముందుకు పొడుచుకువచ్చిన కొండకొస. ‘ఖొర్మోయ్’ అంటే అంగీ అంచు, పర్వతపాదం. తెలుగులో కొండపాదం, కొండకొమ్ము అన్నట్టే ఇవి రూపకాలుగా పుట్టి వాడుకపదాలయ్యాయి. అయితే ఒకచోట ఇంతగా చేరినప్పుడు అవి పర్వతాన్ని కూర్చున్న మూర్తిగా ఊహించే దృష్టిని సూచిస్తాయి.

ఈ మూర్తితో వ్యవహరించడానికి మర్యాదలు ఉన్నాయి. పూజ్యపర్వతం కనుచూపులో ఉండగా దాని అసలు పేరు పలకరాదు. దయగల ప్రభువు అన్న భావంతో ‘ఖైర్‌ఖాన్’ అని పిలవాలి. కనుమలలో, శిఖరాలపై రాళ్లు పేర్చిన ‘ఒవో’ గుట్టల చుట్టూ ప్రదక్షిణం చేసి, ఒక రాయి చేర్చి, నీలిరంగు పట్టువస్త్రం కడతారు. బుర్ఖాన్ ఖల్దూన్ పర్వతం తనను శత్రువుల నుంచి కాపాడినందుకు దానిని నిత్యం పూజిస్తానని యువకుడైన తెముజిన్, అంటే తరవాతి చంఘీజ్‌ఖాన్, ప్రతిజ్ఞ చేసినట్టు ‘మంగోలుల రహస్య చరిత్ర’ చెబుతుంది. 2015లో ఈ పర్వతం యునెస్కో ప్రపంచవారసత్వ జాబితాలో చేరింది. ఖాంగాయ్ శ్రేణిలో 4,000 మీటర్లు దాటిన ఏకైక హిమశిఖరం ఒత్గొన్‌తెంగెర్ వజ్రపాణి నివాసమని విశ్వాసం.

సోషలిస్టు పాలనలో ఒవో పూజలు బహిరంగంగా జరగలేదు. కానీ స్వదేశపు ప్రకృతిని ప్రేమించడం దేశభక్తిగా ఆమోదం పొందింది. ఆధునిక మంగోల్ సాహిత్యానికి ఆద్యుడైన దాష్‌దొర్జీన్ నచగ్‌దొర్జ్ (1906–1937) ‘నా స్వస్థలం’ అనే కవితలో పర్వతాల, నదుల పేర్లను వరుసగా కూర్చాడు. ఈ కవిత పేరులోని ‘నుతగ్’ శబ్దానికి దేశం అన్న విశాలార్థంతోపాటు తన వంశం పశువులు మేపుకొనే నేల అన్న పరిమితార్థం కూడా ఉంది. వాస్తవిక దృశ్యచిత్రం సరిగ్గా ఈ రెండర్థాల మధ్య నిలిచింది. అధికారి కంటికి అది మాతృభూమి చిత్రం. ఆ లోయలో పుట్టినవానికి అది తన ఖైర్‌ఖాన్ రూపం. పూజ ఆగిపోయిన కాలంలో ప్రతి చిత్రమూ రహస్యపూజ అని చెప్పడం అతిశయోక్తి. కానీ ఎదుట పేరు పలకరాని పర్వతాన్ని మాటలేకుండా చూపగలిగిన మాధ్యమం చిత్రమేనన్నది గమనార్హం. అలా చూపినప్పుడు పోలిక కచ్చితంగా ఉండాలి. పేరు లేని చోట శిఖరపు గీతే గుర్తింపు. ఈ దృష్టితో చూస్తే వాస్తవికత ఇక్కడ దిగుమతి అయిన శైలిగా మిగలక, స్థానికమైన ఒక అవసరాన్ని తీర్చింది. 1990 తరవాత పూజలు తిరిగివచ్చాయి. 1995లో దేశాధ్యక్షుని ఉత్తర్వుతో బొగ్ద్ ఖాన్, బుర్ఖాన్ ఖల్దూన్, ఒత్గొన్‌తెంగెర్ పర్వతాల ఆరాధన రాజ్యస్థాయిలో పునరుద్ధరణ పొందింది.

7. రోరిక్ చిత్రంతో తులన

పర్వతాన్ని మరొక మార్గంలో చిత్రించిన ఉదాహరణ మంగోలియాలోనే ఉంది. రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ (1874–1947) తన మధ్యాసియా యాత్రలో 1926–27 శీతకాలాన్ని ఉలాన్‌బాతర్‌లో గడిపాడు. ఆకాశంలో అశ్వారూఢుడైన శంభల ప్రభువును చిత్రించి ఆ దేశ ప్రభుత్వానికి బహూకరించాడు. తరవాత కులూ లోయలోని నగ్గర్‌లో స్థిరపడి హిమాలయాలను విస్తారంగా చిత్రించాడు. టెంపెరా వర్ణాలతో, విశాలమైన సమతల రంగులతో ఆయన పర్వతాన్ని అలౌకిక దర్శనంగా మార్చాడు.

శంభల కల్పన కాలచక్ర తంత్రానికి చెందినది. బుద్ధుడు ఈ తంత్రాన్ని శంభల రాజైన సుచంద్రునికి ధాన్యకటకంలో ఉపదేశించాడని ఆ సంప్రదాయం చెబుతుంది. ఆ ధాన్యకటకమే మన అమరావతి. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర దీక్షను నిర్వహించడం వెనుక ఉన్న కారణం ఇదే. మంగోలియాలో కాలచక్ర ఆరాధన బలంగా ఉండేది. రాజధానిలో దానికి ప్రత్యేకమైన ఆలయం కూడా ఉండేది. కృష్ణాతీరానికీ మంగోలియా చిత్రానికీ మధ్య ఈ విధంగా ఒక సన్నని దారం ఉంది.

రెండు మార్గాలకూ భేదం స్పష్టం. రోరిక్ పర్వతం ఎక్కడున్నదైనా కావచ్చు, దాని విలువ అది సూచించే లోకంలో ఉంది. వాస్తవిక తైలచిత్రంలోని పర్వతం ఒక్కచోటనే ఉండగలదు. దాని విలువ ఆ చోటుకు కట్టుబడి ఉండటంలో ఉంది. దీనినే ఈ వ్యాసంలో స్థలనిబద్ధత అంటున్నాను.

8. మూసచిత్రం, నిశితచిత్రం

1990 తరవాత విదేశీ సందర్శకులు పెరగడంతో గెర్, గుర్రం, కొండ కలిసిన చిన్న తైలచిత్రాలు జ్ఞాపికలుగా అమ్ముడవుతున్నాయి. చిత్రకారులకు అది జీవనోపాధి, దానిని చిన్నచూపు చూడవలసిన పనిలేదు. అయితే ఇంటర్నెట్‌లో కనిపించే ప్రతిరూపాల ఆధారంగా పరిశోధన చేసేవారికి ఒక ప్రమాదం ఉంది. ఒకే వస్తుసామగ్రి ఉన్నందున అన్ని చిత్రాలనూ ఒకే గాటన కట్టివేసే అవకాశం ఎక్కువ. పై విభాగాలలో చెప్పినదాన్ని ఆధారం చేసుకొని ప్రతి చిత్రాన్నీ నాలుగు ప్రశ్నలు అడగవచ్చు.

అ) దూరాన్ని ఏ సాధనం మోస్తున్నది? మసక ఉంటే దానికి కారణం చిత్రంలోనే దొరుకుతున్నదా?
ఆ) గెర్, పశువులు పర్వతానికి ప్రమాణంగా పనిచేస్తున్నాయా, ఖాళీని నింపుతున్నాయా?
ఇ) ద్వారం, వాలు, వృక్షాలు, నీడలు ఒకే దిక్కును చెబుతున్నాయా?
ఈ) శిఖరపు గీత ఒక నిర్దిష్ట పర్వతానిదా, ఏ కొండకైనా సరిపోయేదా?

మూసచిత్రంలో గెర్ అతిపెద్దదిగా ఉండి కొండను గుట్టగా మార్చడం, వెలుతురు పలుదిక్కుల నుంచి పడటం, నీలిమంచు అలవాటుగా చేరడం గమనించవచ్చు. నిశితచిత్రంలో ఒక్క గెర్ స్థానం మార్చినా దృశ్యమంతా చెడిపోతుంది. ఈ ప్రశ్నలకు పరిమితులూ ఉన్నాయి. చెట్లు అరుదుగా ఉండే అల్తాయ్, గోబీ ప్రాంతాలలో వాలు సాక్ష్యం బలహీనపడుతుంది. తెరమీది ప్రతిరూపంలో నీలివర్ణపు ఛాయలు, రంగుపొర మందం సరిగా తెలియవు. అందువల్ల రంగును గురించిన తీర్మానాలను మూలచిత్రం చూసేదాకా వాయిదా వేయడం ఉచితం. దిశ, ప్రమాణాల విషయంలో మాత్రం ప్రతిరూపం కూడా నమ్మదగిన సాక్షి.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. తైలవర్ణ దృశ్యచిత్రం మంగోలియా చిత్రకళలో సంచరించే దృష్టిని నిలకడగల దృష్టిగా మార్చింది. షరవ్ చిత్రంతో పోల్చినప్పుడు ఈ మార్పు స్పష్టమవుతుంది.

2. పొడిగాలి గల ఎత్తైన నేలపై వాయుపరిప్రేక్ష్యం తరచుగా పనిచేయదు. ఆ లోటును గెర్, గుర్రం వంటి ప్రమాణాలు, మేఘచ్ఛాయలు, శ్రేణుల అతివ్యాప్తి పూరిస్తాయి.

3. గెర్ ద్వారం, అడవివాలు, పచ్చికవాలు, ఋతుమకాం అనేవి చిత్రంలోని దిశను, కాలాన్ని నిర్ణయించడానికి ఆధారాలు.

4. పేరు పలకరాని పూజ్యపర్వతం విషయంలో కచ్చితమైన పోలిక ఒక సాంస్కృతిక ప్రయోజనాన్ని నెరవేర్చింది. కాబట్టి ఈ వాస్తవికతను సోవియట్ అనుకరణగా మాత్రమే వర్ణించడం అసమగ్రం.

నేడు అల్తాయ్ హిమానీనదాలు కరిగి తగ్గుతున్నాయి, పచ్చికబయళ్లు క్షీణిస్తున్నాయి. ఒక శిఖరంపై ఏ ఋతువులో మంచు ఎంతవరకు దిగిందో, ఏ వాలుపై అడవి ఎక్కడ ఆగిందో శ్రద్ధగా చిత్రించిన తైలచిత్రాలకు ఇకముందు కళావిలువతోపాటు సాక్ష్యవిలువ కూడా చేరుతుంది. అయితే ఏ చిత్రం సాక్ష్యమో, ఏది చిత్రశాలలో అతికిన కూర్పో తేల్చనిదే ఆ విలువను ఎవరూ వాడుకోలేరు. ఆ విచక్షణకు పై నాలుగు ప్రశ్నలు తొలిమెట్టుగా ఉపకరిస్తాయి.